ఎక్కడ దిగుతారండి?

మా కండక్టరు గారు పోయారు. మంగళవారం పొద్దున్న క్లినిక్కులో సిస్టర్ గారు ఆ మాట చెప్పారు. ఆవిడది చర్చి భాష. "మన కండక్టరు గారు ప్రభువునందు నిద్రించారండి. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయిందంట" అన్నారు. మాత్రలు పడితే పట్టపగలే అందరం నిద్రించే చోటు మాది. "అయితే టీ టైముకి లేపుదురుగాని లెండి" అన్నారు మాలో ఒకరు, రొయ్యల చెరువాయన. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అందరం నవ్వాం. అప్పుడు సిస్టర్ గారు ఏడ్చారు.

రాజమండ్రిలో ఒక మేడ మీద ఉంటుంది ఆ క్లినిక్కు. మనసు బాగాలేని వాళ్లం పొద్దున్నే వచ్చి సాయంత్రం ఇళ్లకు పోతాం. ఆఫీసులాంటిదే, ప్రమోషన్లే ఉండవు. నా జబ్బు గోదావరి బ్రిడ్జి. మా అమ్మ అవతలి ఒడ్డున కొవ్వూరులో ఉంటుంది. రెండేళ్లుగా వెళ్లి చూడలేదు. నాకు నీళ్లంటే భయమని మా వాళ్లు అనుకునేవారు. నీళ్లంటే కాదు, నేనంటేనే భయం. బ్రిడ్జి మధ్యకి వచ్చేసరికి బస్సు దిగిపోవాలనిపించేది.

ఈ సంగతి నేను మొదట చెప్పింది కండక్టరు గారికే. ఆయన కూడా నాలాగే పేషెంటు, అంతకుముందు ముప్పై ఏళ్లు బస్సు మీద చేసిన మనిషి. అంతా విని ప్లాస్టిక్ కుర్చీలు రెండు వరసలు వేశారు. పాత క్యాలెండరు చింపి టికెట్లు చేశారు. స్టీలు కంచం పట్టుకుని రొయ్యల చెరువాయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. తెల్లమచ్చ తెగులుతో చెరువంతా పోయినప్పటి నుంచీ ఆయన చచ్చిన రొయ్యలతో మాట్లాడతారు గానీ, డ్రైవింగు మాత్రం నిదానం. ఆ రోజు నుంచి టీ అయ్యాక రోజూ రాజమండ్రి-కొవ్వూరు బస్సు. డాక్టరు గారు దాన్ని థెరపీ అనేవారు, కండక్టరు గారు సర్వీసు అనేవారు. ఒకరోజు డాక్టరు గారు చూద్దామని లోపలికొస్తే "టికెట్ లేకుండా ఎక్కకూడదండి" అని దింపేశారు. పాపం, మేం కొవ్వూరు చేరేదాకా ఆయన వరండాలోనే నిలబడ్డారు.

బ్రిడ్జి మధ్యకి వచ్చామనగానే కండక్టరు గారు లేచేవారు. ఒక్కొక్కరి ముందూ ఆగి, కళ్లలోకి చూసి "ఎక్కడ దిగుతారండి?" అని అడిగేవారు. "కొవ్వూరు" అని పైకి చెప్పాలి. తల ఊపితే ఒప్పుకునేవారు కాదు. ముందు వరసలో కిటికీ పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. దానికీ ఒక టికెట్ పెట్టేవారు, దాన్నీ అడిగేవారు. కొవ్వూరులో అందరం దిగాక, ఆ కుర్చీ వైపు చూస్తూ కాసేపు ఆగి అప్పుడు విజిల్ వేసేవారు.

ఆ కుర్చీ ఎవరిదని ఒకసారి అడిగాను. టీ గ్లాసు కింద పెట్టి చెప్పారు.

"ఒకావిడండి. కళ్లు తిరుగుతున్నాయి, బ్రిడ్జి మీద ఆపండన్నారు. బెల్లు కొట్టాను. దిగారు. కొంచెం గాలి పీల్చుకుని నడిచొస్తాను, మీరు వెళ్లండన్నారు. రైట్ రైట్ అన్నానండి, నా నోటితోనే. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ లేరు." టీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. "టికెట్ కొవ్వూరుకి తీసుకున్నారండి. ఎక్కడ దిగుతారని ఒక్కమాట అడగాలి కదా. అడగలేదు."

"సీటు దొరకడం గొప్ప కాదండి, మన స్టాపులో దిగడం గొప్ప" అని లేచి వెళ్లిపోయారు.

సమాధి కార్యక్రమం కొవ్వూరులో అన్నారు. నేను రాలేనన్నాను. సాయంత్రం ఇంటికి వెళ్లాక సిగ్గేసింది. నన్ను అన్నిసార్లు కొవ్వూరు చేర్చిన మనిషిని ఒక్కసారి సాగనంపలేనా అనిపించింది. అమ్మకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

మర్నాడు నిజం బస్సు ఎక్కాం. నా వెనక సీట్లో సిస్టర్ గారు, రొయ్యల చెరువాయన. బస్సులో ముగ్గురు నలుగురు నిలబడే ఉన్నారు గానీ, నా పక్కన కిటికీ సీట్లో ఎందుకో ఎవరూ కూర్చోలేదు. కండక్టరు మిషన్లోంచి టికెట్ తీసిచ్చి ఫోన్ చూసుకుంటున్నాడు. బ్రిడ్జి మధ్యకి వచ్చాం. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

"ఏంటండీ, ఇక్కడ స్టాపు లేదు" అన్నాడు కండక్టరు.

"ఎక్కడ దిగుతారండి?" అని వెనక నుంచి వినిపించింది. అచ్చం ఆయన గొంతే. తిరిగి చూస్తే రొయ్యల చెరువాయన, కళ్ల నిండా నీళ్లు.

"కొవ్వూరు" అన్నాను. బస్సంతా వినిపించేలా అన్నాను. కూర్చున్నాను. ఆయన నా పక్కనున్న ఖాళీ సీటుని కూడా అడిగారు.

కొవ్వూరులో బస్సు ఆగింది. కింద అమ్మ చెయ్యి చాపి నిలబడి ఉంది. నేను వెంటనే దిగలేదు. లేచి పక్కకి జరిగి, కిటికీ పక్క ఆవిడని ముందు దిగనిచ్చాను.