ముందు వరస గొడుగు

నివెస్ అక్కకి కూర్చోవడం రాదు. సముద్రం ఒడ్డుకి ఎవరైనా కూర్చోవడానికో పడుకోవడానికో వస్తారు. ఈవిడ వాలుకుర్చీ వేసి, దాని మీద తువ్వాలు పరిచి, పరిచిన తువ్వాలు మడిచి, మళ్ళీ పరిచి, ఇసుకలో తన చెప్పులు సరిచేసి, పక్క గొడుగు కింద ఉన్న నా చెప్పులు కూడా సరిచేసి, ఆపైన నిలబడి మెడ సాచి సముద్రం వైపు చూస్తుంది. ఏ జూలైలో చూసినా ఇదే తంతు. ఆమె ఊరు ప్రాతో, నాది పిస్తోయా. ఈ వియారెజ్జో ఒడ్డున మూడో వరసలో మా రెండు గొడుగులూ పక్కపక్కన పడి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాం.

నేను మంగలిపని చేసి మానేసినవాణ్ణి. నా మోకాలు నన్ను నీళ్ళదాకా నడవనివ్వదు. అందుకని రోజంతా ముందువాళ్ళ తలలు వెనక నుంచి చూస్తూ కూర్చుంటాను. నాకది అలవాటైన దృశ్యమే. నివెస్ అక్కకి మాత్రం అది శిక్ష.

పాపం, పుట్టినప్పటి నుంచీ ఆమె ఎవరో ఒకరి వీపు చూస్తూనే బతికింది. అక్కచెల్లెళ్ళలో ఆఖరుది. చర్చిలో వెనక బల్ల. ఉన్ని మిల్లులో వెనక వరస మగ్గం. కాపురం పెట్టిన ఇంట్లో కిటికీ తెరిస్తే ఇంకో మిల్లు గోడ. "ఒక్క వేసవి చాలయ్యా ఔరేలియో," అనేది నాతో. "నా కళ్ళకీ ఆ నీళ్ళకీ మధ్య ఎవరి బుర్రా అడ్డం ఉండకూడదు. ఆ తర్వాత నన్నెక్కడ పాతిపెట్టినా సరే."

ఆ బుర్ర ఎలీదె గారిది. రెండో వరసవాళ్ళు పొట్టివాళ్ళు, పైగా ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటారు కాబట్టి వాళ్ళతో పేచీ లేదు. ముందు వరసలో, సరిగ్గా మాకు ఎదురుగా ఎలీదె గారి గొడుగు. ఆవిడ ఈ ఊరి మనిషే. కార్నివాల్ పండక్కి బళ్ళ మీద ఊరేగే మిద్దెంత బొమ్మలకి కాగితం అతికే షెడ్డులో జీవితమంతా పనిచేసింది. తన టోపీ కూడా తనే కాగితంతో చేసుకుంది. ఎర్రటి రంగు, చేటంత అంచు. ఆ టోపీ వెనక ఓడలు కూడా మాయమైపోయేవి.

ఇక్కడ గొడుగులు ఊరికే చేతులు మారవు. ఒక ఇంటివాళ్ళు పట్టుకున్న చోటు ఏటేటా వాళ్ళదే. ముందు వరసలో ఖాళీ రావాలంటే ఎవరైనా పోవాలి, లేదా వదులుకోవాలి. జూలై అంతా గొడుగు కింద మనిషి కనిపించకపోతే వదులుకున్నట్టే లెక్క, వచ్చే ఏడు గొడుగులు అద్దెకిచ్చే యజమాని దాన్ని తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తాడు. ఆ తర్వాతివాళ్ళు నివెస్ అక్కే.

ఒకసారి ఆమె ధైర్యం చేసి ముందుకి వెళ్ళింది. "అమ్మగారూ, కాస్త పక్కకి జరుగుతారా? మాకు సముద్రం కనపడ్డం లేదు," అని మర్యాదగానే అడిగింది.

ఎలీదె గారు తల కూడా తిప్పలేదు. "సముద్రం నాది కాదమ్మా, తల నాది. తీసి పక్కన పెట్టమంటావా?"

ఒడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి అక్క ఆవిడ మొహం చూడనని ఒట్టు పెట్టుకుంది. స్నానానికి వెళ్ళాలంటే పక్కవాళ్ళు ఇసుక మీద పరిచిన చెక్కదారి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేది. మొహం చూడదు గానీ ఆ వీపు మీద నుంచి మాత్రం చూపు తిప్పేది కాదు. పొద్దున్నే రాగానే అడిగే మొదటి మాట, "వచ్చిందా ఆవిడ?"

"ఆవిడ పోవాలని చూస్తున్నావా అక్కా?" అని ఏడిపించేవాణ్ణి.

"ఛ, పోవాలని ఎందుకనుకుంటాను. లేవాలనుకుంటున్నాను, అంతే."

ఈ వేసవిలో ఎలీదె గారు అసలు లేవనే లేదు. మేం వచ్చేసరికే ఎర్ర టోపీ అక్కడుండేది. మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయినా ఉండేది. కొబ్బరి ముక్కలవాడు అరుచుకుంటూ పోయినా తల తిరిగేది కాదు. నివెస్ అక్కకి కాలు ఒకచోట నిలవలేదు. లేస్తుంది, నడుస్తుంది, వచ్చి నా ముందు నిలబడుతుంది.

"ఆవిడ కదలడం లేదయ్యా."

"నువ్వు కదులుతున్నావుగా, ఇద్దరికీ సరిపోతుంది."

"వేళాకోళం కాదు. నిన్నటి నుంచీ చూస్తున్నా, మెడ మీద ఈగ వాలినా తోలుకోలేదు."

"అంత దూరం నుంచి నీకు ఈగ కనపడిందా? ఇంకా సముద్రం కనపడ్డం లేదంటావేంటి?"

అన్నాను గానీ నేనూ అటు పరికించి చూశాను. జీవితమంతా మెడలు చూసినవాణ్ణి. ఆ మెడ మరీ నున్నగా ఉంది. ముసలితనం కాబోలు అని సరిపెట్టుకున్నాను.

మర్నాడు భోజనాల వేళకి నైరుతి గాలి లేచింది. ఇసుక మొహాన కొడుతుంటే అందరూ గొడుగులు మూసి పరుగు తీశారు. ఒడ్డు కాపలా చూసే ఒరెస్తె ఆ చివర పడవలు పైకి లాగుతున్నాడు. ఎలీదె గారి గొడుగు మాత్రం విచ్చుకునే ఊగుతోంది, కింద ఆవిడ అలాగే కూర్చుని ఉంది. నివెస్ అక్క తువ్వాలు కింద పడేసి పరుగెత్తింది. ఒట్టూ లేదు, చుట్టుదారీ లేదు.

"లెండమ్మా! గొడుగు మీద పడుతుంది, లెండి!"

భుజం పట్టుకుని లాగింది. మనిషి మొత్తం ఆమె చేతిలోకి వచ్చేసింది. నేను కుంటుకుంటూ వెళ్ళేసరికి అక్క ఇసుకలో కూలబడి ఉంది. ఒళ్ళో ఎలీదె గారు, నడుం వరకే. కాగితం మనిషి. ముడతలతో సహా అచ్చం ఆవిడే, ఒక కన్ను మాత్రం కొడుతోంది.

ఒరెస్తె పరుగున వచ్చి తలొంచుకున్నాడు. "చలికాలంలో పడి తుంటి విరిగిందండీ ఆవిడకి. ఇసుకలో నడవలేదు. చోటు ఖాళీగా కనపడకూడదని ఈ బొమ్మ చేసి నాకిచ్చింది. రోజూ పొద్దున్నే నేనే కూర్చోబెడుతున్నా. యజమానికి తప్ప, నీళ్ళ వైపు నుంచి చూసేవాళ్ళందరికీ తెలుసు. మీరే ఈ మొహం వైపు చూడరు."

నాకు తెలియనందుకు సిగ్గేసింది, అది వేరే సంగతి. ఆ క్షణాన అక్క చేయాల్సిందల్లా యజమాని గదిదాకా నడిచి ఈ బొమ్మ చూపించడమే. ముందు వరస ఆమెదైపోతుంది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. బొమ్మని చంకన పెట్టుకుని లేచింది. యజమాని గది దాటి రోడ్డెక్కింది.

చినుకులు మొదలయ్యాయి. బొమ్మలు చేసే ఈ ఊళ్ళో ఎవరి తలైనా చంకన పెట్టుకుని నడిస్తే ఒక్కరూ ఆగి చూడరు. "ముక్కు తడుస్తోందమ్మా," అని మాత్రం ఒకాయన హెచ్చరించాడు. ఇల్లు ఎక్కడో ఒరెస్తె చెప్పాడు. ఆ వీధిదాకా అక్క వేగంతో నడిచేసరికి నా మోకాలు నన్ను నానా తిట్లూ తిట్టింది.

ఎలీదె గారు వంటింట్లో చక్రాల కుర్చీలో ఉంది. బల్ల మీద పాత పేపరు ముక్కలు, గిన్నెలో మైదా జిగురు. నిజం మొహం బొమ్మ కంటే బాగా చిక్కిపోయి ఉంది.

"చచ్చానేమో చూసి పోదామని వచ్చావా, ప్రాతో పిల్లా?"

"అవును," అంది అక్క.

"బతికున్నాను. నిరాశపడ్డావేమో."

"గాలికి గొడుగు కూలి మీద పడుతుందని నా గుండె ఆగినంత పనైంది. మీకేమో కన్ను కొట్టే సరసాలు." అక్క బొమ్మని బల్ల మీద పెట్టింది. "ముక్కు నానిపోయింది. అతుకు పెట్టండి."

ఎలీదె గారు ఆ ముక్కుని వేలితో నొక్కి చూసింది. తర్వాత మెల్లగా అంది: "నాకెవరూ లేరమ్మా. నేను వచ్చానా లేదా అని పొద్దున్నే చూసేది ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. నీకోసమే ఈ బొమ్మ చేశాను. వీపు మాత్రం శ్రద్ధగా చేశాను, నువ్వు చూసేది అదేగా."

అక్క కళ్ళు తుడుచుకుని, అలవాటు కొద్దీ బల్ల మీది పేపరు ముక్కలు సర్దడం మొదలుపెట్టింది.

మర్నాటికి ఇద్దరూ కలిసి యజమానితో మాట్లాడేశారు. చెక్కదారి మొదట్లో, చిట్టచివరి వరసలో ఉన్న గొడుగు ఎలీదె గారికి. అక్కడిదాకా చక్రాల కుర్చీ వస్తుంది, ఒరెస్తె తోసుకొస్తాడు. ముందు వరస నివెస్ అక్కకి.

ఆ మొదటి పొద్దు ఆమె వాలుకుర్చీలో కూర్చుంది, నిజంగానే కూర్చుంది. ఎదురుగా నీళ్ళు తప్ప ఏమీ లేవు. తువ్వాలు మడత పెట్టలేదు, చెప్పులు సర్దలేదు. ఇక ఈవిడ కుదురుకుందిలే అనుకున్నాను. ఇంతలో వెనక నుంచి ఎలీదె గారి గొంతు వినపడింది.

"ప్రాతో పిల్లా, తల కాస్త పక్కకి తియ్!"

అక్క పగలబడి నవ్వింది. లేచి ఇసుకలో అంత దూరం వెనక్కి నడిచి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నొక్కి, బరువు చూసుకుని మరీ తిరిగొచ్చింది. అప్పటి నుంచి రోజూ అంతే. ఎర్ర టోపీ కనపడితే చాలదు, వెళ్ళి భుజం ముట్టుకుని వచ్చాకే కూర్చుంటుంది. అదీ ఎంతసేపు, పది అలలు చూసి మళ్ళీ వెనక్కి తిరుగుతుంది.

"ఇన్నాళ్ళూ ఏడ్చింది దీనికోసమేగా అక్కా, ముందుకి చూడు," అంటాను నా మూడో వరస నుంచి.

"చూస్తున్నాగా," అంటుంది నా తల మీదుగా వెనక్కి చూస్తూ.

ఇవాళ మధ్యాహ్నం కావస్తోంది. కొబ్బరి ముక్కలవాడు రెండుసార్లు తిరిగి వెళ్ళాడు. ఎలీదె గారిని తీసుకురావడానికి వెళ్ళిన ఒరెస్తె ఇంకా రాలేదు. చివరి వరస గొడుగు కింద ఎవరూ లేరు. ముందు వరసలో సముద్రం మొత్తం నివెస్ అక్కదే. అక్క దానికి వీపు పెట్టి నిలబడి ఉంది.