తాళం ఆయన, తాళంచెవి ఆవిడ

ఏ వస్తువు ఆడదో ఏది మగదో ఇటలీవాళ్లు ఎప్పుడైనా మరిచిపోతే, దేశం దేశమంతా మా అమ్మమ్మకు ఫోన్ చేసి కనుక్కోవాల్సిందే. అరవై ఎనిమిదేళ్లకు యూనివర్సిటీలో చేరి, చరిత్ర మెయిన్‌గా, ఇటాలియన్ భాషా సంస్కృతులు మైనర్‌గా తీసుకున్న మనిషి ఆవిడ. ఆ వయసులో మైనర్ అయినవాళ్లు మా వంశంలో ఇంకెవరూ లేరు. నాదీ అదే కోర్సు, బ్యాచ్ వేరు.

ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలని తెలిసిన రోజే అమ్మమ్మ చేజారిపోయింది.

"ఇన్నాళ్లూ నేనొచ్చినా 'వచ్చింది', కుర్చీ వచ్చినా 'వచ్చింది' అన్నారే. అక్కడ కుర్చీకి కూడా ఓ మర్యాదుంది," అంది.

ఒకరోజు ప్లంబర్ వచ్చాడు. "ఏమైందమ్మా?"

"పొద్దుట్నుంచి ఏడుస్తున్నాడు బాబూ."

"ఎవరండీ?"

"కుళాయి. మగాడు."

ప్లంబర్ నావైపు తిరిగి, "ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారామ్మా?" అన్నాడు.

నాకూ పాఠాలు తప్పలేదు. "తాళం ఆయన, తాళంచెవి ఆవిడ. ఆవిడ కదిలిస్తే గానీ ఆయన నోరు తెరవడు."

"మరి సమస్య?"

"మగాడే. పేరు 'ప్రొబ్లేమా' అని, ఆడమాటల్లా చివర 'ఆ' తగిలించుకుని ఆడవేషం వేశాడు. నా దగ్గరా?"

ఇంత విన్నా, పరీక్షలో నలభై మాటలకు ఆడో మగో రాయమంటే నాకు పదకొండే వచ్చాయి. ఏ బ్యాచ్‌లో తప్పినా శనివారం రిపీట్ క్లాసుకు రావాలి. మా బ్యాచ్‌లో తప్పింది నేనొక్కదాన్నే. "ఆ శనివారం రిపీట్ క్లాసులో ఒంటరిగా కూర్చోను. చదువు మానేస్తున్నా," అన్నాను. వారం తర్వాత అమ్మమ్మ గొడుగాయన్ని చంకలో పెట్టుకుని తన పరీక్షకు వెళ్లింది.

ఆవిడకు సున్నా వచ్చింది.

ఆవిడను ఏడిపించే అవకాశం వదులుకోలేకే, అందుకు మాత్రమే, శనివారం క్లాసుకు వెళ్లాను. లెక్చరర్ మేడమ్ నన్ను గుమ్మంలోనే ఆపి అమ్మమ్మ పేపరు చేతికిచ్చింది.

"గుడ్డిగా రాసినా సగం తగులుతాయమ్మా. నలభైకి నలభై తప్పు రాయాలంటే నలభై తెలిసుండాలి."

గుడ్డిగా రాసినా ఇరవై వస్తాయన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. నేను ఆలోచించి రాశాను.

లోపల ఖాళీ బెంచీల మధ్య అమ్మమ్మ పెన్సిల్ చెక్కుకుంటోంది. పక్కన కూర్చుని పేపరు ముందు పెట్టాను.

"సమస్య మగాడని నాకు నూరిపోసి, ఇక్కడ ఆడదని రాశావేం?"

"నిన్ను చూసి రాశాను. జరుగు."