పలక గూట్లో ఎర్ర పొట్ట చేప

గుంటూరు ఆసుపత్రికి పోవాల్సిన రోజు పొద్దున కూడా మా ఆయన మంచం దిగలేదు. ముప్పై ఏళ్ళు మార్కాపురంలో పలకలు కోసిన మనిషి. ఆ దుమ్మంతా రొమ్ములో పేరుకుని నాలుగడుగులకే ఆయాసం. ఊపిరితిత్తి పక్కన నీరు చేరింది, తీయాలి, పది రోజులు ఉంచుకుంటామని డాక్టరు చెప్పాడు. ఈయనేమో చేపలు గుడ్లు పెట్టే వేళయిందని, ఇప్పుడు రానని కూర్చున్నాడు.

పని మానేశాక ఆయనకు మిగిలిన పని ఆ చేపలే. ఒంగోలులో రంగుచేపల దుకాణంలో కొన్న జత. వేలెడంత ఉంటాయి. దుకాణమాయన వాటిని క్రిబ్ అంటాడట. గుహలాంటి చోటుంటే గాని గుడ్లు పెట్టవని చెప్పాడని, మూడు పలక ముక్కలు అరగదీసి, రెండు నిలబెట్టి, ఒకటి పైన కప్పి గాజు తొట్టెలో గూడు కట్టాడు. ఆ పని చేసిన వారం రోజులూ ఆయన దగ్గు తగ్గినట్టే అనిపించింది నాకు.

"నేను చూసుకుంటా, నువ్వు పో," అన్నాను.

"కొట్టుకుంటే మగదాన్ని తీసి బకెట్లో వెయ్యి. లేకుంటే ఆడది చస్తది. ఏది మగదో తెలుసునా నీకు?"

"కోడిపిల్లను చూసి పుంజో పెట్టో చెప్పేదాన్ని. ఇది తెలవదా?"

ఆ మాట నమ్మి లేచాడు. మా మరిది తోడు వెళ్ళాడు.

నేను ఉత్తినే అనలేదు. పెద్దదోర్నాల దగ్గర మా పుట్టింట్లో కోళ్ళు ఎక్కువ. మూడు వారాల పిల్ల నెత్తి మీద తడిమి చెప్పేదాన్ని. ఒక్కటీ తప్పేది కాదు.

మూడో రోజు పొద్దున తొట్టెలో గొడవ మొదలైంది. ఒక చేప పొడుగ్గా, మసక రంగులో, రెక్కల కొసలు కోసుగా ఉంది. రెండోది పొట్టిది, పొట్ట మీద దానిమ్మ గింజ రంగు. ఆ పొట్టిది ఒళ్ళు వంకర తిప్పుతూ పెద్దదాన్ని మూలకు తోసి పొడుస్తోంది. పెద్దదాని తోక అంచు చినిగిపోయింది.

మా తోడికోడలు తోడు మజ్జిగకని వచ్చి చూసింది.

"ఆ రంగుదే పుంజు అక్కా. దాని పొగరు చూడు, అచ్చం మా బావే."

"మీ బావకు అంత రంగెక్కడుంది?"

"మరి పెట్టకి అన్ని సోకులెందుకు?"

నిజమే అనిపించింది. కోళ్ళలో రంగూ పొగరూ పుంజువే. ఎర్ర పొట్టదాన్ని వలగరిటెతో పట్టి బకెట్లో వేశాను. తొట్టె నిమ్మళించింది. పెద్దది గూట్లోకి దూరింది. తోక ఒక్కటే గుమ్మం దగ్గర ఆగకుండా ఆడుతోంది. పాపం, భయం తీరి దాక్కుందనుకున్నాను.

మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. ముందు అడిగింది చేపల సంగతే.

"బాగున్నాయి. నీకెట్లుంది?"

"రేపు నీరు తీస్తారంట. అది ఉండనీ. ఎర్ర పొట్టది గూట్లోనుంచి బయటికొస్తాందా?"

"ఎందుకు?"

"గుడ్లు పెట్టిందంటే అది గూడు ఇడవదు. మగదాన్ని కూడా దాపుకు రానీదు, తరిమి కొడతది."

నేను బకెట్ వైపు చూశాను.

"గుడ్లు కప్పుకు లోపలి పక్కన అంటిస్తది, మనకు కనపడవు. కప్పు మాత్రం ఎత్తబాక. బెదిరితే తినేస్తాయి. ఇంతకీ గూట్లో ఉందా లేదా?"

"గూట్లోనే ఉంది," అన్నాను.

ఉంది, కానీ వేరేది. నిజం చెబితే నీరు తీయించుకోకుండానే రైలెక్కి వచ్చేస్తాడు. ఆ మనిషి నాకు తెలుసు.

బకెట్ దగ్గరికి పరిగెత్తాను. తల్లి చేప గుండ్రంగా తిరుగుతూ మూతితో గోడను పొడుస్తోంది. బకెట్ నీళ్ళు చల్లగా ఉన్నాయి. కొత్తగా తెచ్చినప్పుడు ఆయన చేసినట్టే, తొట్టెలోని నీళ్ళు గరిటెడు గరిటెడు బకెట్లో కలుపుతూ కూర్చున్నాను. తొందరలో సగం నేల మీదే పోశాను. తొట్టెలో వదలగానే అది తిన్నగా గూట్లోకి పోయి, పెద్దదాన్ని బయటికి తరిమి, లోపల ఉండిపోయింది.

గుడ్లు మిగిలాయా, పొద్దుటినుంచి ఆ మగది తినేసిందా? నల్ల పలక, లోపలేముందో తెలియదు. ఎత్తి చూడకూడదు.

"గూడు ఇడవట్లేదు, గుడ్లు ఉన్నట్టే గదా," అన్నాను తోడికోడలితో.

"కింద గుడ్లన్నీ తీసేసినా పెట్ట ఉత్త గంపలో పొదగదా అక్కా?" అంది.

ఆ మాటతో నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. నీరు తీశారు, బాగానే ఉన్నాడని మరిది చెప్పాడు. అయినా ఫోన్ మోగితే చాలు, ఏ చేప గురించి అడుగుతాడోనని భయం. ప్రతిసారీ గూట్లోనే ఉందనేదాన్ని.

పదో రోజు వచ్చాడు. చెప్పులు విడవకుండానే తొట్టె ముందు కుర్చీ లాక్కున్నాడు. ఇక దాచలేక, బకెట్ సంగతి మొత్తం చెప్పేశాను. ఆయన గూటి గుమ్మంలోకి వంగి చూశాడు.

"పగలంతా మగది గూట్లోనే ఉన్నిందా?"

"ఆ. తోక ఆడిస్తానే ఉన్నింది."

"అయితే తోకతో గుడ్లకు గాలి విసిరినాడేమో. మగవాటిలో కొన్ని గుడ్లకు కాపలా కాస్తాయి, కొన్ని తింటాయి. మనోడు ఏ రకమో."

ఇద్దరం కూర్చున్నాం. టీ చల్లారిపోయింది. మాత్రలు వేసుకోమంటే ఆగమన్నాడు. పొద్దు వాలే ముందు తల్లి బయటికి వచ్చింది. దాని పొట్ట కింద, ఇసుకను ఆనుకుని, తోకలు మొలిచిన ఆవగింజల్లా ఏవో కదిలాయి. ఎక్కువ లేవు. గూటి గుమ్మంలో రెండు తెల్లబడిన గుడ్లు కూడా రాలి ఉన్నాయి. ఆయన చూశాడు, కానీ వాటి మాట ఎత్తలేదు.

"వీటిలో పుంజులేవో చెప్పు," అన్నాడు.

నేను మాత్రలు ఆయన చేతిలో పెట్టాను. ఆయన నవ్వాడు. దగ్గు రాలేదు. వస్తుందేమోనని ఆయన వీపు మీద చెయ్యి వేసి, చాలాసేపు అట్లాగే ఉంచాను.