అత్త రాగి కడియం, నా కాపర్ టి

మా అత్తకు మోకాళ్ల నొప్పులు. అందుకని ఎడమ చేతికి రాగి కడియం వేసుకునేది. ఆమె చేయి ఊపుకుంటూ నడిచొస్తుంటే ఎదురొచ్చే ఎద్దులు కూడా పక్కకు తప్పుకునేవని నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు. నాకూ రాగి ఉండేది, కాకపోతే ఒంటి మీద కాదు, లోపల. పురిటికి మార్కాపురం పుట్టింటికి పోయినప్పుడు, పాప బోర్లా పడే వేళకు వేయించుకున్న కాపర్ టి. ఒకే ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం, ఇద్దరికీ రాగి. ఆమెది ఊరంతటికీ కనబడేది. నాది మా ఆయనకు, మా అమ్మకు తప్ప దేవుడికి కూడా చెప్పనిది.

వేయించుకున్న రోజు ఇప్పటికీ కలలా గుర్తొస్తుంది. తల పైన ఫ్యాను ఎంత నిదానంగా తిరిగేదంటే, ఒక రెక్క దాటి ఇంకో రెక్క వచ్చేలోపు ఒక కునుకు తీయొచ్చు. నర్సమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకోమంది. చీమ కుట్టినట్టు ఉంటుందంది. కుట్టింది కానీ, ఆ చీమ గొర్రెపిల్లంత ఉండాలి. తర్వాత అంతా మెత్తగా అయిపోయింది. బయట బెంచీ మీద నాయన కూర్చుని ఉన్నాడు, పలకల మిల్లు నుంచి నేరుగా వచ్చాడేమో జుట్టంతా బూడిదరంగు పొడి. నాకు పంటి నొప్పి అని ఆయనకు అమ్మ చెప్పింది. పాపం, ఇంటికి పోయేదారిలో నమలక్కర్లేకుండా ఉంటాయని ఇడ్లీలు కట్టించాడు. వారం రోజులు నన్ను జొన్నరొట్టె ముట్టనివ్వలేదు. పొత్తికడుపు పట్టుకుని పంటి నొప్పి పడిన మనిషి ఆ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇంత గుట్టు ఎందుకంటే, నాకు గిద్దలూరులో బీఈడీ సీటు వచ్చింది. మెట్టినిల్లు కొమరోలు దగ్గర పల్లె. రోజూ బస్సు. చదువు అయ్యేదాకా రెండో కాన్పు వద్దని నేనూ మా ఆయనా అనుకున్నాం. అత్త లెక్క వేరు. "ఎడం ఏందికమ్మే, చంకలో ఒకటి ఉండంగానే ఇంకోటి కానిస్తే, ఒక ఊపున పెరిగిపోతారు గదా" అనేది. కాపర్ టి సంగతి తెలిస్తే మరుసటి బస్సుకే తీయించేస్తుందని, అప్పుడు నేను పరీక్ష హాలుకు కాక పురిటి గదికి పోతానని నా భయం. ప్రతి నెలా నా మొహం వైపు చూసి, ఏమీ లేదని తెలిసి, "ఈ నెల కూడా లేదా" అని వాన కోసం ఆకాశం చూసినట్టు చూసేది.

మొదటి నాలుగైదు నెలలు బహిష్టు ఎక్కువగా అయ్యేది, నడుము లాగేది. అది ఆమె కనిపెట్టింది. కారణం మాత్రం కనిపెట్టలేదు. "రక్తం ఇట్ల పోతాంటే కడుపు ఎట్ల నిలుస్తాది" అని నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు కట్టి, కాలేజీ బ్యాగులో తనే పెట్టేది. ఆ ఉండలు తింటుంటే దొంగసొత్తు తింటున్నట్టు ఉండేది. అయినా అన్నీ తినేదాన్ని, చాలా బాగుండేవి.

మధ్యాహ్నం బస్సులో నిద్ర ముంచుకొచ్చేది. కిటికీలోంచి వేడిగాలి, దూరంగా నల్లమల నీలంగా, ఎవరో ఆరేసి మరిచిపోయిన చీరలా. ఆ మగతలో నా రాగిముక్క నాకు మనిషిలా కనబడేది. వేలెడంత ఆడమనిషి, గుమ్మంలో రెండు చేతులూ చాచి నిలబడి, లోపలికి రాబోయే వాళ్లతో కండక్టరు లాగా, "ఇప్పుడు కాదు, తర్వాత బండికి రండి" అంటూ ఉండేది. ఆమెకు నా మీద ఉన్న శ్రద్ధ లోకంలో ఇంకెవరికీ లేదనిపించేది. గిద్దలూరు నుంచి కొమరోలు దాకా ఆమె ఒంటికాలి మీదే నిలబడేది.

ఆ ఏడు కంది ఏపుగా వచ్చింది. సెలవురోజు కలుపు తీయడానికి నేనూ అత్తా పోయాం. కూలీలు దొరకలేదు. పాపను కూడా తీసుకుపోయాం. ఇప్పుడు కాలేజీకి పోతున్న ఆ మహాతల్లి అప్పుడు ఏడాదిన్నర పిల్ల. మోటారు గదిలో గోనెపట్టా మీద కూర్చుని, కందాకులు ఒక్కొక్కటే లెక్క చూసుకున్నట్టు చూసుకుంటోంది.

మూడు గంటలప్పుడు వెలుతురు మారింది. మా వైపు వాన రావడమే అరుదు. వస్తే పెళ్లివారంత హడావుడితో వస్తుంది. కొండల మీద నుంచి మబ్బు దిగింది. చేను మొత్తం ఆకుపచ్చ కాదు, నలుపు కాదు, మధ్యలో ఏదో రంగుకు తిరిగింది. మట్టివాసన ముందే వచ్చేసింది. నేను ఆ వాసనకు కళ్లు మూసుకుని నిలబడిపోయాను. అప్పుడు ఉరిమింది. నల్లమలను పునాదులతో సహా పెకలించి మా పొలం దాకా దొర్లించుకొచ్చినట్టు ఉరిమింది.

"తొలికలు పారెయ్యమ్మే" అని అత్త కేక వేసింది. ఉరుములొస్తే చేతిలో ఇనుము ఉండకూడదని మా పల్లెల్లో గట్టి నమ్మకం. కలుపు తీసే తొలికలు విసిరేశాం. నీళ్ల చెంబు విసిరేశాం. మోటారు గదిలోకి పరుగెత్తాం. గుమ్మంలో అత్త టక్కున ఆగింది. ఎడమ చేయి చూసుకుంది. కడియం లాగి, గట్టు మీదికి విసిరింది.

"అదేంది అత్తా" అన్నాను.

"ఇనుమన్నా కొంచెం నయం. రాగి అయితే పేరు పెట్టి పిలుస్తాది పిడుగును."

నేను గుమ్మం బయటే ఆగిపోయాను. బీఎస్సీలో నేను చదివింది ఫిజిక్సు. రాగి కరెంటుకు ఎంత ఇష్టమో పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ రెండు పేజీలూ కళ్ల ముందు మెరుపుల్లో తిరిగాయి. లోపల పాప ఉంది. అత్త ఉంది. నేను లోపలికి పోతే నాతో పాటు రాగి పోతుంది. కడియమైతే విసిరేయొచ్చు.

వెనక్కి తిరిగి చేలోకి నడిచాను.

వాన మొదలైంది. ఒక్కో చినుకు గోలీకాయంత. చుట్టూ కంది మొక్కలు ఊగుతున్నాయి, నేను నీళ్ల అడుగున నడుస్తున్నట్టుంది. భయం ఎటుపోయిందో తెలియదు. పొత్తికడుపులో చిన్న దీపం వెలుగుతున్నట్టు, ఆ వెలుగు కొమరోలు దాకా కనబడుతున్నట్టు, మబ్బులన్నీ తలలు వంచి దాన్నే వెతుకుతున్నట్టు అనిపించింది. పిడుగు నన్ను పట్టుకుని పాపను వదిలేస్తే చాలనుకున్నాను.

"ఏమ్మే, పిచ్చి పట్టిందా, ఆడేం చేస్తాండావు" అని అత్త.

"నేను రాకూడదు అత్తా."

"ఏందికి?"

"నా కాడ రాగి ఉంది."

"ఉంటే పారెయ్యి."

"తీయరాదు. లోపలుంది. కాపర్ టి వేయించుకున్నా."

ఇది చెప్పడానికి ఏడాదిగా ఎన్నో మర్యాదైన వాక్యాలు తయారుచేసి పెట్టుకున్నాను. చివరికి కంది చేలో, చీర నిలువునా తడిసి, గొంతు చించుకుని చెప్పాను. ఉరుమైనా అడ్డం వస్తుందనుకుంటే, సరిగ్గా ఆ క్షణమే అది ఊపిరి తీసుకుంది.

అత్త పాపను పట్టా మీద కూర్చోబెట్టి, మోకాళ్లు పట్టుకుని, వానలోకి వచ్చింది. నా రెక్క పట్టుకుంది.

"పడితే అందరి మీదా పడనీ. బిడ్డ ఏడుస్తా ఉంది, రా లోపలికి."

వాన వెలిసేదాకా ముగ్గురం గోడకు ఆనుకుని కూర్చున్నాం. తన కొంగు పిండి నా తల తుడిచింది. వెలిశాక కడియం వెతికి, బురద తుడిచి, చేతికి ఎక్కించుకుని, "రేపు మార్కాపురం పోదాం" అంది. అంతే. ఇంట్లో మా ఆయన సంగతి విని, "ఆ గదిలో మోటారు ఉంది గదా, దాంట్లో ఉండే రాగికి నీది ఎన్నో వంతు?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రేపు అత్త తీయిస్తుంది, నా చదువు ఆగిపోయినట్టే.

పొద్దున బస్సులో ఇద్దరం ఊగుతూ కూర్చున్నాం. కంభం దాటాక ఆమె బయటికి చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది: "నాకు ఏడాదికొకరు. పెద్దోడు పాలకు ఏడుస్తాంటే, కడుపులో చిన్నోడు తంతాండె. ఎవరికి చెప్పుకోవాల?"

ఆసుపత్రిలో అదే ఫ్యాను, అదే నర్సమ్మ. అత్త ముందుకు జరిగి, "తల్లీ, దీనికీ పిడుగుకూ ఏమన్నా సంబంధం ఉందా?" అని అడిగింది.

నర్సమ్మ నవ్వాపుకుంది. "ఏం లేదు పెద్దమ్మా. అగ్గిపుల్లంత లేదు, ప్లాస్టిక్కుకు చుట్టిన సన్న తీగ అది. పిడుగులు దాన్ని లెక్క చేయవు. వానలో చేలో నిలబడకుండా ఉంటే చాలు."

"ఎన్నాళ్లు పనిచేస్తాది?"

"పదేళ్ల దాకా. బిడ్డ కావాలంటే మధ్యలో ఎప్పుడైనా తీయించుకోవచ్చు."

"పదేళ్లా. మా బోరు మోటారుకు ఏడాదే ఇచ్చినాడు గ్యారంటీ."

"తీసేయమంటావా పెద్దమ్మా?" అని నర్సమ్మ చేతులు కడుక్కోబోయింది. నా చెవుల్లో మళ్లీ వాన మొదలైంది.

"తీయమని ఎవరన్యారు? సరిగ్గా కూచోనుందో లేదో చూడు. నిన్న వానలో చేనంతా దుంకింది ఈ పిల్ల."

చూసింది. దాని కొసన ఉండే దారాలు వేలికి అందాయి. నా వేలెడంత కండక్టరమ్మ తన చోటే, చేతులు చాచి, డ్యూటీలోనే ఉంది.

తిరుగు బస్సులో వెనక సీటులో మా పక్క ఊరి ఆమె, అత్తకు వరసకు వదిన, ముందుకు వంగింది. "కోడలికి ఇంకా రెండోది ఏం లేదా వదినా? ఆసుపత్రికి చూపిస్తాన్నారా?"

నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. నటిస్తూ నటిస్తూ నిజంగానే ఒరిగిపోయాను. తల అత్త భుజం మీద పడింది. ఆమె జరగలేదు. కడియం నా మోచేతికి తగిలి, ఎండకు వెచ్చగా ఉంది. కిటికీ అవతల తడిసిన పలకరాళ్లు ఆకాశాన్ని చూపిస్తూ పోతున్నాయి. ఎక్కడో చాలా దూరం నుంచి అత్త గొంతు వినపడింది.

"ముందు ఆ చదువు కాన్పు కానీలే వదినా. బిడ్డ సంగతి తర్వాత."