పిండిమర ఇంటి పిల్ల

పిండిమర నడిపే ఆవిడను ఆ వీధిలో అందరూ తెల్లమ్మ అంటారు. మనిషి చామనఛాయ. పొద్దున్నే మోటారు వేసిన కాసేపటికి జుట్టు, కనుబొమలు, ముంజేతుల మీది నూగు అన్నీ పిండి పట్టి తెల్లబడతాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది గానీ దాంతో ఎవరికీ పని పడలేదు.

నోట్లో నాలుక లేని మనిషని కూడా అంటారు. అది మాత్రం సగమే నిజం. తెల్లమ్మ పెరిగిందే మరలో. వీధివైపు గదిలో మర, వెనక రెండు గదుల్లో కాపురం. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రి రెండింటికీ మధ్య గుమ్మంలో ఉయ్యాల కట్టి, ఒక చేత్తో దాన్ని ఊపుతూ, ఇంకో చేత్తో తొట్టిలో గోధుమలు పోస్తూ ఆవిణ్ణి పెంచాడు. మర తిరుగుతున్నప్పుడు గొంతు చించుకున్నా పక్కవాడికి వినపడదు. అందుకని ఆ ఇంట్లో మాటలన్నీ చేతుల్లోకి దిగాయి. బొటనవేలితో చూపుడువేలిని రుద్దితే పిండి మెత్తగా పట్టమని. వేళ్లు దగ్గర చేర్చి విదిలిస్తే రవ్వగా పట్టమని. భుజం మీద తట్టుకుంటే ఎవరో వచ్చారని. అరచెయ్యి చాపి గాలిని అడ్డంగా కోస్తే మర ఆపమని. ఈ చివరిది కనపడితే ఎందుకని అడగకూడదు, చెయ్యి ముందు స్విచ్చి మీదికి పోవాలి. బెల్టులో వేలు పడ్డాక అడిగి లాభం లేదు కదా.

సాయంత్రం మోటారు ఆగాక కూడా చెవుల్లో హోరు పోదు. అప్పుడు మాట్లాడాలని ఎవరికి అనిపిస్తుంది? తండ్రీ కూతుళ్లు ఒకరంటే ఒకరు ప్రాణం పెట్టుకుని బతికారు, ఆ ముక్క నోరు తెరిచి ఎప్పుడూ అనుకోలేదు. తండ్రి పోయాక మర ఆవిడ చేతికి వచ్చింది. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన మొగుడు, రొట్టెల కంపెనీలో వ్యాను డ్రైవరు, మొదట్లో గుమ్మంలో నిలబడి అరిచేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి అతనూ చేతుల దారికే వచ్చాడు. మర ఆగాక ఇంటికొచ్చి గుమ్మంలోంచి పిలిచే పిలుపు ఒక్కటే నోటితో మిగిలింది.

వాళ్లకు ఒక్కతే కూతురు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండడంతో గింజ అన్నారు, అదే నిలిచిపోయింది. గింజకు రెండున్నరేళ్లు నిండాయి. నడక ఏడాది తిరక్కుండానే వచ్చింది. అల్లరి అంతకు ముందే వచ్చింది. మాట మాత్రం రాలేదు. నవ్వుతుంది, ఏడుస్తుంది, పిల్లి కనపడితే కీచుమంటుంది, అంతకు మించి ఒక్క అక్షరం లేదు.

పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు డబ్బాతో పాటు తలా ఒక సలహా పట్టుకొచ్చేవారు. తన తమ్ముడికి నాలుగేళ్లకు గానీ మాటలు రాలేదని, ఇప్పుడు వాడి నోరు మూయించడానికి ఇంటిల్లిపాదీ చాలడం లేదని ఒకావిడ ధైర్యం చెప్పింది. ఇంకొకాయన పిల్ల వెనక్కి వెళ్లి డబ్బా మూత మోగించి చూశాడు. అంత మర మోతలో మూత మోగిస్తే పెద్దవాళ్లయినా తిరిగి చూస్తారా? చూడలేదు గనక చెవుడే అని తేల్చేసి, జాలిపడి, తన పిండి తాను తీసుకుని వెళ్లిపోయాడు. ఊరికే ఇచ్చేది సలహా ఒక్కటే కాబట్టి జనం దాంట్లో కొసరు కూడా వేస్తారు.

తెల్లమ్మ అందరికీ తలూపేది. జనం పోయాక తొట్టి దులుపుతూ ఒక్కతీ ఏడ్చేది. నా మరే నా పిల్ల నోరు మింగేసిందన్నది ఆవిడ భయం. ఆ భయం కూడా ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో వదినగారు వచ్చింది. అంటే డ్రైవరుకు అక్క, చిన్నపిల్లల బడిలో పంతులమ్మ. బస్సు ఎక్కితే ఒక పూట ప్రయాణంలో ఉంటుంది. ఇద్దరు కొడుకులు, వాళ్ల స్నేహితులు, ట్యూషను పిల్లలు, ఆ ఇంట్లో మాటలకు కరువు లేదు. మంచి మనిషి, అందులో అనుమానం లేదు. కాకపోతే మంచి చేయాలని తోస్తే ఎదుటివాళ్లు అవునన్నదాకా ఆగే అలవాటు లేదు. గింజను ఒళ్లో కూర్చోబెట్టుకుని, అడగందే అమ్మయినా పెట్టదంటారు, దీనికేమో అడగకుండానే అన్నీ అమిరిపోతున్నాయని గట్టిగా నిట్టూర్చింది.

తరువాత అసలు సంగతి చెప్పింది. "ఈ రొదలో దీనికి మాట ఎలా వస్తుంది అమ్మాయ్? ఒక ఏడాది నా దగ్గర ఉంచుకుంటాను. మాటలు వచ్చాక తెచ్చి నీ ఒళ్లో పెడతాను."

తెల్లమ్మ ఏమీ అనలేదు. కళ్లు దించుకుంది. మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. మిగతా సగం వదినగారే వేసుకుంది. వచ్చే బడి సెలవుల్లో వచ్చి తీసుకెళతానని, రెండు జతల బట్టలు సర్ది ఉంచమని చెప్పి బస్సెక్కేసింది. డ్రైవరు భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ అప్పుడూ మాట్లాడకపోయేసరికి ఇష్టమేననుకున్నాడు.

అయినా అతనికి మనసు ఊరుకోలేదు. అక్కడా ఇక్కడా అడిగి, ఒకరోజు తల్లీకూతుళ్లను వ్యానులో తీసుకెళ్లి ఆసుపత్రి ముందు దించాడు. మేడ మీద చివరి గది తలుపు మీద స్పీచ్ థెరపిస్టు అని రాసి ఉంది. వచ్చేవాళ్లు మాత్రం మాటల మేడం అంటారు.

ముందు చెవుల పరీక్ష జరిగింది. చెవులు బాగున్నాయన్నారు. తెల్లమ్మకు సంతోషం కలగాల్సింది, భయం ఇంకాస్త పెరిగింది. చెవులు బాగుంటే తప్పు మరి దేనిదనుకోవాలి? మేడం నేల మీద చాప పరిచి, బొమ్మల బుట్ట గింజ ముందు పెట్టి, తల్లిని ఒక్కొక్కటే అడగసాగింది. పాప ఎన్ని మాటలంటుంది? ఒక్కటీ అనదండి. ఏదైనా కావాలంటే ఎలా అడుగుతుంది? అడగదండి, నాకే తెలిసిపోతుంది. తెల్లమ్మ జవాబులు ఆవిడ పెదవి దాటి బయటికి రావడమే కష్టంగా ఉంది.

ఈలోగా గింజ బుట్టలోంచి బొచ్చు కుందేలును తీసి చెంపకు ఆనించుకుంది. తల్లివైపు తిరిగి బొటనవేలితో చూపుడువేలిని రుద్దింది. తెల్లమ్మ మేడంకు జవాబు చెబుతూనే తలూపి తనూ వేళ్లు రుద్దింది. మేడం రాయడం ఆపింది.

"ఇప్పుడు పాప ఏమంది?"

"ఏమీ అనలేదండి."

"మీకు చేత్తో ఏదో చూపించింది కదా?"

"అదాండి. మెత్తగా ఉందంది."

అన్నాక తెల్లమ్మ తనే ఉలిక్కిపడింది. ఇంకేమేం చెబుతుందని మేడం అడిగింది. తెల్లమ్మ ఒక్కొక్కటే చూపించింది. భుజం తట్టుకుంటే నాన్న వచ్చాడని. పిల్లి వచ్చినా అంతే, వాన వచ్చినా అంతే. వేళ్లు విదిలిస్తే అన్నం పలుకుగా ఉంది, నాకొద్దని. అరచెయ్యి అడ్డంగా కోస్తే స్నానం చాలని, తల దువ్వొద్దని, ఇంకా చాలా వాటికి. చూపించే కొద్దీ ఆవిడ గొంతు పెరిగింది. పిల్ల రోజంతా కబుర్లు చెబుతూనే ఉంది, తాను రోజంతా జవాబులు ఇస్తూనే ఉంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. కాని ఆవిణ్ణి తప్పుపట్టకూడదు. ఆ చేతి గుర్తులు మర పనిలో భాగమనుకుంది గానీ అవీ మాటలేనని ఆవిడకు ఎవరు చెప్పారు?

మేడం నవ్వలేదు. పిల్ల బుర్ర చక్కగా పనిచేస్తోందని, ఆ చేతులను ఆపొద్దని చెప్పింది. పిల్ల చెయ్యి చూపినప్పుడల్లా అదే మాట నోటితో కూడా అనమంది. మర తిరిగేటప్పుడు ఆ గదిలో ఉంచొద్దంది. మాట ఎప్పుడు వస్తుందో మాత్రం తను చెప్పలేనంది. తెల్లమ్మ వదినగారి సంగతి అడుగుదామనుకుంది. నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

ఆ రోజు నుంచి మర తిరుగుతున్నంతసేపూ గింజ పక్కింట్లో ఉండేది. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే తెల్లమ్మ మోటారు ఆపి, కూతుర్ని తెచ్చుకుని వెనక గదిలో కూర్చునేది. డబ్బాలు పట్టుకొచ్చినవాళ్లు తలుపు మూసి ఉండడం చూసి గొణుక్కుంటూ పోయేవారు. మొదట్లో ఆవిడకు మెత్తగా అన్న ఒక్క మాట పైకి అనడానికే సిగ్గేసింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించేది. నాలుగు రోజులు పోయాక సిగ్గు కొంచెం విడిచింది. పిల్లి వచ్చింది, వాన వచ్చింది, నాన్న వచ్చాడు. ఇంకొన్నాళ్లకు మా నాన్న అని మొదలుపెట్టి, ఉయ్యాల సంగతి, ఆయన చేతుల మీది కాయల సంగతి చెప్పుకుపోయింది. జన్మలో ఎవరికీ చెప్పని మాటలు రెండున్నరేళ్ల పిల్లకు చెప్పింది. పిల్ల తల్లి చేతులు వదిలి నోటికేసి చూడడం నేర్చుకుంది. మాట మాత్రం లేదు.

సెలవులు దగ్గరపడ్డాయి. నా చేతులు దీనికి అర్థమవుతున్నంతకాలం ఇది నోరు తెరవదేమో, నేనే అడ్డమేమో అన్న పురుగు తెల్లమ్మ మనసును తొలిచింది. మాటల మేడం అలా అనలేదు. ఎవరూ అనలేదు. తప్పు తమ మీద వేసుకోవడం తల్లులకు ఒకరు నేర్పక్కర్లేదు. పిల్లకు మాట వస్తే చాలు, నేను ఏమైపోయినా పరవాలేదనుకుని బట్టలు సర్దింది.

చెప్పినట్టే వదినగారు రానే వచ్చింది. డ్రైవరు కూతుర్ని ముద్దుపెట్టుకుని, చూస్తూ నిలబడలేక, పని ఉందని పొద్దున్నే వ్యాను తీసుకుని వెళ్లిపోయాడు. తెల్లమ్మే బస్టాండుదాకా పిల్లను ఎత్తుకుని నడిచింది. బస్సెక్కించి, వదినగారి ఒళ్లో కూర్చోబెట్టి, సంచీ పక్కన పెట్టి దిగింది. అప్పటిదాకా గింజ బస్సును, జనాన్ని చూస్తూ సరదాగానే ఉంది. బస్సు డ్రైవరు ఇంజను వేశాడు. అమ్మ కింద ఉంది, తాను పైన ఉంది, ఏదో తిరగడం మొదలైంది. పిల్ల ముఖం మారింది. కిటికీలోంచి అరచెయ్యి చాపి అడ్డంగా కోసింది. మళ్లీ కోసింది.

ఆ చెయ్యి చూస్తే ఆగకుండా ఉండడం తెల్లమ్మకు పుట్టి ఇప్పటివరకు తెలియదు. ఇంకొక్క క్షణం చూస్తే పిల్లను లాక్కుంటానని భయపడి, గిరుక్కున వెనక్కి తిరిగి, దుకాణాల వైపు ముఖం పెట్టి నిలబడింది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. చేతులు ఎంత ఆడినా వీపుకు కనపడవు.

"దిగో."

ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకుంది.

"ఇదిగో! ఇదిగో!"

గొంతు కొత్తది. బొంగురుగా, వాడని తలుపు తెరిచినట్టుగా ఉంది. ఆ పిలుపు మాత్రం ఆవిడకు బాగా తెలుసు. వ్యాను ఆపి గుమ్మంలో కాలు పెడుతూనే ఆవిడ మొగుడు రోజూ పిలిచేది అలాగే. లోకంలో పిల్లలందరూ అమ్మను అమ్మా అనే పిలుస్తారు. ఈ పిల్ల చూసినంతలో, అటు తిరిగి ఉన్న అమ్మను ఇటు తిప్పడానికి నాన్న వాడే మాట అదొక్కటే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ చెప్పి చూపించలేదు. అవసరం పడింది, పిలిచింది.

"ఆఁ," అని పలికింది తెల్లమ్మ. బస్టాండు మొత్తం తిరిగి చూసేంత గట్టిగా పలికింది. అప్పటికే కదలబోతున్న బస్సు తలుపు పట్టుకుని ఎక్కేసింది.

"వదినా, పిల్లను పంపను. నాకు ఆ రోజే ఇష్టం లేదు. చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను."

గింజ అప్పటికే తల్లి మెడకు చుట్టుకుపోయింది. వదినగారు ముక్కు చీదుకుని, సీటు పక్కనున్న సంచీ తీసి మరదలి చేతికిచ్చింది.

"దీన్నీ పట్టుకుపో. రెండు జతలూ ఇందులోనే ఉన్నాయి."

తెల్లమ్మ ఒక చంకన పిల్లను, ఒక చేత సంచీని పట్టుకుని ఇంటిదారి పట్టింది. వీధి మొదట్లో గింజ, ఎదురుగా ఉన్న ముఖాన్నే చూస్తూ, ఇదిగో అంది. తెల్లమ్మ ఆఁ అంది. మళ్లీ అంది, మళ్లీ పలికింది. ఇల్లు చేరేదాకా పిల్ల పిలుస్తూనే ఉంది, తల్లి పలుకుతూనే ఉంది.