నెత్తిమీద నాట్లు

మా తోటపల్లి గూడూరు వైపు అదను తప్పి నాట్లు వేసిన రైతు ఎవరని అడగండి, నా పేరు ఒక్కరూ చెప్పరు. పొలంలో నాకు అదను ఎప్పుడూ తప్పలేదు. తప్పింది నెత్తిమీద. అది కూడా నిండు పెళ్లిపందిట్లో బయటపడింది. చెబుతాను, నవ్వుకోండి. ఎలాగూ చివరికి గెలిచింది నేనే.

అప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. నా జుట్టు మాత్రం నుదుటి నుంచి నడినెత్తి దాకా ముందే సెలవు పుచ్చుకుంది. వరి చేలో దిగేవాడికి జుట్టెందుకని నేనూ పట్టించుకోలేదు. కానీ మా బావమరిది చందు నిశ్చితార్థం రోజున పెళ్లికూతురి పెదనాన్న నా భార్య సుజాత దగ్గరికి వచ్చి, నన్ను చూపించి, "అమ్మా, మీ నాయనకు కాఫీ ఇచ్చినారా?" అని అడిగాడు.

సుజాత అసలు తండ్రి నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. ఆయనకు తలనిండా జుట్టు. కాఫీ పొలమారేదాకా నవ్వాడు.

అప్పుడే నిశ్చయించుకున్నాను. పెళ్లినాటికి నేను సుజాత మొగుడిలా కనపడాలి. అంతకు మించి నాకు కోరికే లేదు.

ఇద్దరం చెన్నై వెళ్లాం. తల వెనక వెంట్రుకలు తీసి ముందువైపు నాటుతామన్నాడు డాక్టరు. 'నాటుతాం' అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అది నా విద్య కదా!

"ఏదైనా ఫంక్షన్ ఉందా?" అన్నాడాయన.

"ఇరవై అయిదు దినాల్లో పెళ్లుండాది సార్."

"అయితే పెళ్లయ్యాక రండి. నాటిన వెంట్రుకలు మూడు నాలుగు వారాలకు రాలిపోతాయి. మళ్లీ మొలవడానికి నాలుగు నెలలు, పూర్తిగా రావడానికి ఏడాది పడుతుంది."

"సార్, నాకు తెలీదా? నాటినాక పైరు నాలుగు దినాలు వాడతాది. పది దినాలకు తేరుకుంటాది. ఇరవై దినాలకు చేను పచ్చగా ఉంటాది."

"ఇది వరి కాదండీ."

"ఏదైనా నాటే గదా సార్!"

"ఏమయ్యా, డాక్టరు అంతగా చెప్తా ఉండాడు, పెళ్లి అయిపోనీ" అంది సుజాత. పాపం, ఇద్దరికీ వ్యవసాయం తెలియదని జాలిపడ్డాను. డాక్టరు నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, తలంతా గొరిగించి, నాటి పంపించాడు.

ఊళ్లో అడుగుపెట్టగానే పక్కింటి రమణమ్మత్త నా గుండు చూసి ఆగిపోయింది.

"ఏందబ్బయా, కొండకు పొయ్యొచ్చినావా?"

"అవునత్తా." అబద్ధం దానంతటదే జారిపోయింది.

"ప్రసాదం ఏదిరా?"

"బస్సులో మర్చిపోయినా."

వెనక సుజాత గబగబా చెంపలేసుకుంది.

తర్వాత ఇరవై రోజులూ రాజభోగం. నల్లటి మొలకలు వరసలు తీరి నిలబడ్డాయి. పొద్దున్నే గట్టు మీద నిలబడి చేను చూసుకున్నట్టు అద్దంలో చూసుకునేవాణ్ణి. ఒక్క మొలక వాడితే ఒట్టు! "చూసినావా మన సేద్యం?" అని సుజాతను రోజుకు నాలుగుసార్లు అడిగేవాణ్ణి.

ముహూర్తం రోజు పొద్దున తలస్నానం చేసి తువ్వాలుతో తుడుచుకున్నాను. చేను మొత్తం తువ్వాలులోకి వచ్చేసింది. ముందంతా బీడు, వెనక మాత్రం అరంగుళం పైరు.

పెళ్లిపందిట్లో ఆ పెదనాన్నే ఎదురొచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. "బాగుండారా అయ్యా? మీ అల్లుడు, అదే, సుజాతమ్మ మొగుడు, పెళ్లికి రాలేదా?"

"వస్తాడు" అన్నాను. "ఏడాది పడతాదంట."

పక్కన సుజాత కళ్లు మూసుకుని, చేతులు జోడించి ఏదో గొణుక్కుంటోంది. తమ్ముడి కాపురం కోసమనుకున్నాను.

డాక్టరు అన్నట్టే నాలుగు నెలలకు మొలకలొచ్చాయి. ఎనిమిది నెలలకు దువ్వెన కొన్నాను. ఏడాది దాటి చందు కూతురి బారసాలకు వెళ్లేనాటికి జుట్టులో దువ్వెన గుచ్చితే అలాగే నిలబడేది. ఆ పెదనాన్న నన్ను ఎగాదిగా చూసి, "ఈ పిల్లోడెవురమ్మా? మీ చిన్న తమ్ముడా?" అన్నాడు సుజాతతో.

నేనే కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చాను. "సుజాత మొగుణ్ణి పెదనాయనా. వచ్చేసినా."

ఆ రోజు నా సంతోషం ఇంతని చెప్పలేను. మా మామయ్య నా జుట్టును చేత్తో తడిమి చూసి మరీ తలూపాడు.

ఇంటికి రాగానే సుజాత అంది: "ఏమయ్యా, రేపు కొండకు పోవాల. నీకు జుట్టొస్తే స్వామికి ఇస్తానని ఆ పెళ్లినాడే మొక్కుకున్నా."

"నా జుట్టు మీద నీ మొక్కేందే?"

"మరి నువ్వు రమణమ్మత్తకు చెప్పిన అబద్ధం ఎవురు తీరుస్తారు?"

మర్నాడే కొండెక్కాం. కొండ మీద క్షురకుడు నా తల తడిపి, "అన్నా, బో ఒత్తుగా ఉండాదే! ఇంకో బ్లేడు తియ్యాల" అన్నాడు. ఆ మాట సుజాతకు వినపడేలా మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాను. గుండు చేయించుకుని ఇంత గర్వంగా కొండ దిగినవాడు ఇంకొకడు ఉండడు. రమణమ్మత్తకు ప్రసాదం బాకీ కూడా తీరింది.

ఇప్పుడు అదే గుండు మీద అరచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో పెళ్లి ముహూర్తం చూసుకుని నెత్తిమీద నాట్లు వేయించను. డాక్టరుకు వ్యవసాయం నేర్పను. సుజాత కళ్లు మూసుకుని గొణుగుతుంటే ఏం మొక్కుతోందో అడగకుండా కదలను. చెయ్యి తియ్యబోతుంటే అరచేతికి గరగరమంటోంది. రెండో పంట మొదలైంది!