ఎదురెదురు హాళ్ళ జర్మన్ ఊరు

టెక్సాస్ కొండల్లో ఉన్న ఆ జర్మన్ ఊరికి మేం చరిత్ర చూద్దామని వెళ్ళలేదు. పంతానికి వెళ్ళాం. ఎనభైల నడుమ సంగతి ఇది. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళం పట్టుమని యాభై కుటుంబాలు లేం, అప్పటికే మా సంఘం రెండు ముక్కలైంది. దేనికంటారా? దీపావళి నాడు స్టేజీ మీద దీపం ఎవరు వెలిగించాలన్న దానికి. ఛీ, రాయడానికే సిగ్గుగా ఉంది. ఒక ముక్కకి మా ఆయన సెక్రెటరీ, రెండో ముక్కకి విజయ భర్త ప్రెసిడెంట్. విజయ ఈ దేశంలో నాకు మొదటి స్నేహితురాలు. ప్లేనోలో ఇళ్ళు కొనుక్కోకముందు అపార్ట్‌మెంట్లలో గోడకి అటూ ఇటూ ఉండేవాళ్ళం. నా కూతురు స్వప్నకీ ఆమె కూతురు లలితకీ ఉగాది కోసం జంటనాట్యం నేనే నేర్పుతున్నాను. స్వప్న కృష్ణుడు, లలిత గోపిక. సంఘం చీలాక లలిత రావడం మానేసింది. ఉగాదికి ఆ పిల్లలిద్దరూ కలిసి ఆడతారా లేదా అన్నదే నా బాధ. మిగతా రాజకీయం ఏ గంగలో కలిసినా నాకు అక్కర్లేదు.

ఆస్టిన్, శాన్ ఆంటోనియో వాళ్ళని కూడా లాగితే అవతలివాళ్ళ కన్నా మాకే జనం ఎక్కువవుతారని మా ఆయన ఎత్తు. వాళ్ళకి అందుబాటులో, తక్కువ అద్దెకి ఆ ఊళ్ళో పాత హాలు దొరుకుతుందని ఎవరో చెవిన వేశారు. ఫిబ్రవరిలో ఒక శనివారం, పులిహోర కట్టుకుని పొద్దున ఆరింటికి బయల్దేరాం. ముప్ఫై అయిదో నంబరు హైవే మీద వేకో దాటి ఆస్టిన్ దాకా వచ్చి, అక్కడినుంచి రెండువందల తొంభయ్యో నంబరు రోడ్డు మీద పడమటికి తిరగాలి. అప్పట్లో గంటకి యాభై అయిదు మైళ్ళ వేగం దాటితే జరిమానా టికెట్టే. ఆస్టిన్ దాటాక రోడ్డు కొండల మధ్య మెలికలు తిరుగుతుంది, పెట్రోలు బంకులు తగ్గిపోతాయి. ఆస్టిన్‌లోనే ట్యాంకు నింపుకోండి. ఊరి పేరు రాయను. ఆ కొండల్లో ఇలాంటి జర్మన్ ఊళ్ళు చాలా ఉన్నాయి, దేనికి వెళ్ళినా దారి దాదాపు ఇదే.

పన్నెండవుతుండగా చేరాం. పెద్ద వీధి మరీ వెడల్పు, ఎద్దుబళ్ళు వెనక్కి తిప్పుకోవడానికి అలా వేశారట. రెండు వైపులా సున్నపురాతి ఇళ్ళు. హోటల్లో మాంసం లేనిది ఏముందని అడిగితే వడ్డించే ఆవిడ ఆలోచించి "బంగాళాదుంపల సలాడ్" అంది. అందులోనూ పంది మాంసం ముక్కలున్నాయి. కార్లో కూర్చుని పులిహోర తిన్నాం.

హాలు చూసుకునే పెద్దాయన పేరు కార్ల్, డెబ్బై దాటినవాడు. తలుపు తీస్తూనే కథ మొదలుపెట్టాడు. "మా తాతలు జర్మనీ నుంచి ఓడలో వచ్చి, రేవు నుంచి ఎద్దుబళ్ళతో ఇక్కడికి నడిచారమ్మా. దారిలో జ్వరాలొచ్చి చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు ఇళ్ళకి కప్పు పడకముందే పాటల సంఘం పెట్టుకున్నారు. మా పాట ఒక్కరు పాడేది కాదు, నాలుగు రకాల గొంతులు కలవాలి. అలాంటిది, ఊరేగింపులో జెండా ఎవరు పట్టుకోవాలని తగువొచ్చింది. అలిగినవాళ్ళు ఎదురుగా ఆ హాలు కట్టారు. దానికి వీధి వైపు కిటికీలు లేవు, చూశారా? మా మొహాలు కనిపించకూడదని."

మా ఆయన నేల మీద కుర్చీలు ఎన్ని పడతాయో చూసుకుంటున్నారు. నేనే అడిగాను, "మళ్ళీ ఎప్పుడూ కలవలేదా?"

"జర్మనీతో యుద్ధాలప్పుడు జర్మన్‌లో మాట్లాడితేనే అనుమానంగా చూసేవాళ్ళు. అప్పుడూ కలవలేదు. ఎవరి హాల్లో వాళ్ళం కూర్చుని భయపడ్డాం. మా చెల్లెలు పెళ్ళయి ఆ హాలుకి వెళ్ళింది. ముసలితనం వచ్చేసరికి మాకు కింది గొంతులు మిగిలాయి, వాళ్ళకి పై గొంతులు. ఎవ్వరూ వీధి దాటలేదు. చెల్లెలు పోయిన రోజు చర్చిలో పాటకి గొంతులు చాలక రికార్డు పెట్టారు."

"మీరు పాడలేదా?"

"కూర్చుని విన్నాను."

తర్వాత మా ఆయన ఉగాది తారీకు చెప్పగానే కార్ల్ తల ఎత్తాడు. "అదే రోజుకి మీవాళ్ళు ఎదుటి హాలు తీసుకున్నారు, పోయిన వారమే. వాళ్ళకీ ఈ కథే చెప్పాను."

"ఏమన్నారు?" అన్నాను.

"చాలా బాగుందన్నారు. పార్కింగ్ ఎంతమందికి సరిపోతుందని అడిగారు."

మా ఆయన వెంటనే, "ఆ హాలు కన్నా ఇది పెద్దదేనా?" అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బయట ఫోన్ బూత్ కనబడితే చిల్లర వేసి విజయకి ఫోన్ చేశాను. పిల్లలిద్దర్నీ కలిపి ఆడిద్దామన్నాను.

"సరళా, నాకు మాత్రం బాధ లేదా చెప్పు? లలిత రోజూ ఒక్కతే ప్రాక్టీస్ చేస్తోంది. మేం లొంగిపోయామనిపించుకోవడం ఈయనకి ఇష్టం లేదే. స్వప్నని మా హాలుకి పంపించు, అక్కడే ఇద్దరూ ఆడతారు."

"పంపిస్తాను" అన్నాను.

వెనకనుంచి మా ఆయన, "స్వప్న ఆ హాల్లో అడుగుపెడితే నేను రిజైన్ చేయాల్సి వస్తుంది" అన్నారు.

"చేయండి, పీడా పోతుంది" అన్నాను. తిరిగొచ్చే ఆరు గంటలూ ఆయన నాతో మాట్లాడలేదు. స్వప్నని నేను పంపించనూ లేదు.

ఉగాది నాడు వీధికి రెండు వైపులా రెండు ఉగాది పచ్చళ్ళు, రెండు పంచాంగ శ్రవణాలు. స్వప్నకి తన సగమే వచ్చు. స్టేజీకి ఒక పక్కనే ఆడింది, రెండో పక్క ఖాళీగా వదిలేసింది. లలిత చెయ్యి పట్టుకోవాల్సిన చోట చెయ్యి చాచి అలాగే నిలబడింది. అదీ నాట్యంలో భాగమే అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి బయటికి వచ్చేశాను. కిటికీల్లేని గోడ అవతల నుంచి అదే పాట వినిపిస్తోంది.

ఆ పిల్లలు మళ్ళీ కలిసి ఆడలేదు. ఓడ దిగి, ఎద్దుబళ్ళతో నడిచి, జ్వరాలకి తట్టుకుని బతికి బట్టకట్టినవాళ్ళు జెండా కర్ర దగ్గర విడిపోయారంటే నవ్వొస్తుంది. వాళ్ళకి కనీసం ముందు చెప్పినవాళ్ళు లేరు. మాకు గుమ్మంలో నిలబెట్టి మరీ చెప్పారు. విని కూడా అడ్వాన్సు ఇచ్చి వచ్చాం, ఆ కసి నాకు ఇంకా తీరలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆదివారం ఎవరూ ఉండరు, శనివారం మధ్యాహ్నంలోపు వెళ్ళండి. హాలు తాళాలు రెండూ ఒకే గుత్తికి ఉంటాయి. అడిగితే రెండూ తీస్తారు, అడక్కపోతే ఒక్కటే.